బోదకాలు పురుగు దేహంలో నడిచే దారి

అరబీ వైద్య గ్రంథాలలో ‘జుజామ్’ అన్న మాట ఒకటి, ‘దాఉల్ ఫీల్’ అన్న మాట మరొకటి కనిపిస్తాయి. మొదటిది కుష్ఠువ్యాధి. రెండవదానికి అర్థం ఏనుగు రోగం. కాలు ఏనుగు కాలివలె వాచి, చర్మం గరుకై, మడతలు పడే వ్యాధి. మన ఇళ్ళలో ఉర్దూలో ‘ఫీల్‌పా’ అనీ ‘హాథీపావ్’ అనీ, తెలుగులో బోదకాలు అనీ పిలిచేది దీనినే. గ్రీకు వైద్యులు ఏనుగు పేరును కుష్ఠువ్యాధికి పెట్టారు. అరబీ వైద్యులు కాలివాపునకు పెట్టారు. అరబీ గ్రంథాలు లాటిన్‌లోకి అనువాదమైనప్పుడు ఈ రెండు పేర్లూ కలగలిసిపోయి, ఐరోపా వైద్యులు శతాబ్దాల పాటు ఒకదానిని మరొకటిగా పొరబడ్డారు. ఇబ్నె సీనా (మరణం 1037) తన ‘అల్ ఖానూన్’లో మాత్రం రెంటినీ వేరువేరుగానే వర్ణించాడు. గాఢమైన, చెడిన రక్తం కాలిలోకి దిగి నిలిచిపోవడమే బోదకాలుకు కారణమని ఆయన కాలపు వైద్యం భావించింది. ఆ పండితులను తప్పుపట్టవలసిన పని లేదు. అసలు కారణం సూక్ష్మదర్శిని లేనిదే కంటికి ఆననిది. ఒక పురుగు పిల్ల మనిషి దేహంలో నెలల తరబడి, ఏండ్ల తరబడి చేసే ప్రయాణమే ఆ కారణం. ఆ ప్రయాణం సాగుతున్నంత కాలం మనిషి తాను ఆరోగ్యవంతుడిననే అనుకుంటాడు.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా చిరకాలంగా బోదకాలు వ్యాధిగ్రస్త ప్రాంతాలలో ఒకటి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు కరీంనగర్, చిత్తూరు జిల్లాలలో ఈ పురుగు పిల్లలు ఎందరి రక్తంలో ఉన్నవో పరిశోధించి, ఆ వివరాలను 2012లో ప్రచురించారు. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. జిల్లాలు విడిపోయినా దోమలకు ఆ సరిహద్దులు తెలియవు కదా. జగిత్యాల పాత వాడల మురుగు కాలువలు, కోరుట్లలో అరుగుల మీద కూర్చుండి బీడీలు చుట్టే తల్లులు, సిరిసిల్లలో రాత్రి పగలూ ఆడే మరమగ్గాలు, మూతలు సరిగా లేని సెప్టిక్ ట్యాంకులు, ఇంటి వెనుక ఇంకుడు గుంతలో నిలిచిన మురికినీరు: క్యూలెక్స్ జాతి దోమకు ఇంతకంటె అనుకూలమైన చోటు ఉండదు. మలేరియా దోమ కొంత శుభ్రమైన నీటిని కోరుతుంది. డెంగీ దోమ ఇంటిలోని తొట్లను, పూలకుండీలను కోరుతుంది. క్యూలెక్స్‌కు మాత్రం మురికి ఎంత ఉంటే అంత ఇష్టం. రాత్రివేళ, మనిషి నిద్రలో ఉండగా వచ్చి కుడుతుంది.

ఏటా మాత్రల పంపిణీ జరిగే ఊళ్ళలో ఆశా కార్యకర్త మాత్రలు తీసుకొని గడపలోకి వచ్చినప్పుడు చాలా ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: ‘‘మాకు ఏ రోగమూ లేదమ్మా, మాత్ర ఎందుకు?’’ కొందరు మొగమాటానికి మాత్ర తీసుకొని, ఆమె గడప దాటగానే గూటిలో పడవేస్తారు. ఈ ప్రశ్నను కొట్టిపారవేయడం న్యాయం కాదు. రోగం లేనివాడు మందు ఎందుకు తినాలన్నది సహేతుకమైన ప్రశ్నే. పురుగు నడిచే దారి తెలిస్తే దానికి సమాధానం దొరుకుతుంది.

ఈ పురుగును వైద్యులు ‘ఉచరేరియా బాంక్రాఫ్టీ’ అంటారు. మన దేశంలో బోదకాలుకు దాదాపు ఏకైక కారణం ఇదే. రోగి రక్తంలో తిరిగే దీని పిల్లను మైక్రోఫైలేరియా అంటారు. పొడవు మిల్లీమీటరులో సుమారు నాలుగవ వంతు. విచిత్రమేమంటే, ఈ పిల్ల మనిషి దేహంలోనే ఉండిపోతే ఎన్నటికీ పెద్ద పురుగు కాజాలదు. సుమారు ఒక సంవత్సరం రక్తంలో తిరిగి చచ్చిపోతుంది. అది ఎదగాలంటే ముందు ఒక దోమ కడుపులో పడాలి. దోమ రక్తం పీల్చినప్పుడు లోనికి పోయిన పిల్ల, తన ఒంటిమీది పలుచని తొడుగును విడిచి, దోమ జీర్ణకోశపు గోడను తొలుచుకొని, రెక్కలను ఆడించే ఛాతీ కండరాలలోకి చేరుతుంది. అక్కడ ముందు పొట్టిగా, బొద్దుగా మారి, రెండుసార్లు కుబుసం విడిచి, పది నుండి పద్నాలుగు దినాలలో సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పొడవు గల చురుకైన లార్వా అవుతుంది. అప్పుడు కండరాన్ని వీడి, దోమ తలవైపు ప్రయాణించి, కుట్టే తొండంలో కాచుకొని ఉంటుంది.

దోమ ఈ లార్వాను సూదిమందు ఇచ్చినట్లు మన రక్తంలోకి ఎక్కిస్తుందని చాలామంది తలుస్తారు. అలా జరగదు. దోమ కుట్టేటప్పుడు లార్వా తొండం నుండి బయటపడి, ఒక చిన్న తడిబొట్టుతో పాటు చర్మం మీద వాలుతుంది. దోమ చేసిన రంధ్రాన్ని వెతుక్కొని స్వయంగా లోనికి పాకుతుంది. చర్మం పొడిగా ఉంటే ఆరిపోయి చస్తుంది. రంధ్రం దొరకకపోయినా చస్తుంది. అందుకే ఒకటి రెండు దోమకాట్లతో బోదకాలు రాదు. నెలల తరబడి, ఏండ్ల తరబడి అదే వాడలో, అదే మురుగు పక్కన పడుకొని వేలాది కాట్లు తిన్నవారికే ఎక్కువగా అంటుకుంటుంది. బంధువుల ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి పోయేవారు దీనికి భయపడనక్కరలేదు. ఆ ఇంటిలో పుట్టి పెరిగే పిల్లల గురించి మాత్రం ఆలోచించాలి.

చర్మంలోకి దిగిన లార్వా రక్తనాళాన్ని కాక శోషరస నాళాన్ని ఎన్నుకుంటుంది. శోషరసం అంటే ఏమిటో ఒక మాట చెప్పాలి. రక్తనాళాల నుండి కండరాల నడుమకు ఊరిన నీటిని తిరిగి సేకరించి, వడగట్టి, గుండె దగ్గరకు చేర్చే సన్నని కాలువల వ్యవస్థ ఒకటి మన దేహంలో ఉన్నది. ఆ కాలువలలో నీరు వెనుకకు రాకుండా చిన్న చిన్న కవాటాలు అమర్చబడి ఉన్నవి. గజ్జలలో, చంకలలో, మెడలో ఉండే బిళ్ళలు ఈ వ్యవస్థ కావలి చౌకీలు. కాలికి గాయమైతే గజ్జలో బిళ్ళ కట్టడం మనమందరం ఎరిగినదే. మన లార్వా ఈ కాలువలలోకి చేరి, సుమారు రెండు వారాలలో ఒకసారి కుబుసం విడిచి, తరువాత మరొకసారి విడిచి, ఆరు నుండి పన్నెండు నెలలకు పెద్ద పురుగవుతుంది. ఆడ పురుగు ఎనిమిది నుండి పది సెంటీమీటర్ల పొడవు, మగ పురుగు నాలుగు. మందం కుట్టుదారమంత. రెండూ ముడివేసుకొని కాలి, గజ్జ ప్రాంతపు కాలువలలో, మగవారిలో వృషణాల పైనాళాలలో కాపురముంటాయి. సగటున ఆరు నుండి ఎనిమిదేండ్లు బ్రతికి, లక్షల కొద్దీ పిల్లలను రక్తంలోకి వదలుతాయి.

ఇంత జరుగుతున్నా మనిషికి తెలియదు! బ్రతికి ఉన్న పురుగు దేహపు రక్షణ వ్యవస్థను జోకొట్టి పడుకోబెడుతుంది. అది చచ్చినప్పుడు, లేదా నాళం ఉబ్బి కవాటాలు పని మానినప్పుడు, ఆపైన కాలి పగుళ్ళ నుండి సూక్ష్మక్రిములు చేరినప్పుడు అసలు బాధ మొదలవుతుంది: చలిజ్వరం, గజ్జలో బిళ్ళ, కాలు ఎర్రబడి వాయడం. మొదట్లో వాపు రాత్రికి తగ్గుతుంది. జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ కొంత వాపు మిగిలిపోతుంది. చివరకు తగ్గడం మానేస్తుంది. పదేండ్ల వయసులో అంటుకున్న పురుగు ముప్పయి ఏండ్లకు గాని కాలిని చూపించకపోవచ్చు. ‘‘నాకు ఏ రోగమూ లేదు’’ అన్నవారి మాటకు నిజమైన అర్థం ఇక్కడ ఉన్నది. కాలు వాచిన నాటికి ఎందరికో రక్తంలో పురుగు పిల్ల ఒక్కటీ మిగిలి ఉండదు. దోమలకు పిల్లలను అందించేది ఎక్కువగా ఏ వాపూ లేని, ఆరోగ్యంగా పనికి పోయే మనిషే.

ఈ దారిని కనుగొన్న కథ కూడా తెలుసుకోదగినది. 1866లో బ్రెజిల్‌లో ఉచరర్ అనే వైద్యుడు ఒక రోగి మూత్రంలో ఈ పిల్లలను చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ రక్తంలో చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో బాంక్రాఫ్ట్‌కు పెద్ద పురుగు దొరికింది. పురుగు పేరులో మొదటివాని పేరు, మూడవవాని పేరు నిలిచినవి. 1877లో చైనా తీరంలోని అమోయ్‌లో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, ఈ పురుగు పిల్లలు గల తన తోటమాలిని దోమలున్న గదిలో పడుకోబెట్టి, తెల్లవారి ఆ దోమలను కోసి చూశాడు. దోమ ఒంట్లో పిల్లలు ఎదగడం కనిపించింది. వ్యాధిని కీటకం మోస్తుందన్న జ్ఞానానికి అదే నాంది. మన సికింద్రాబాదులో 1897లో రోనాల్డ్ రాస్ మలేరియా రహస్యాన్ని ఛేదించింది ఈ మాన్సన్ ప్రోత్సాహంతోనే. అయితే మాన్సన్ దారిలో సగమే చూశాడు. దోమ నీటిలో పడి చస్తే, ఆ నీరు త్రాగిన మనిషికి పురుగు సోకుతుందని భావించాడు. 1900లో జార్జ్ లో అనే వైద్యుడు దోమ తొండంలోనే లార్వాలను చూపించిన తరువాత గాని రెండవ సగం తేలలేదు.

మాన్సన్ గమనించిన మరొక విషయం ఇంకా ఆశ్చర్యకరం. రోగి వేలి నుండి పగలు రక్తం తీస్తే పురుగు పిల్ల ఒక్కటీ కనిపించదు. రాత్రి పొద్దుపోయాక తీస్తే ఒక్క బొట్టులోనే పదుల కొద్దీ కనిపిస్తాయి. రాత్రి పది నుండి రెండు గంటల మధ్య మరీ ఎక్కువ; సరిగ్గా క్యూలెక్స్ దోమ కుట్టే వేళ. మరి పగలు ఎక్కడికి పోతాయి? ఉదయం వేళ మరణించిన ఒక రోగి దేహాన్ని పరిశీలించినప్పుడు జవాబు దొరికింది. ఊపిరితిత్తుల లోతైన రక్తనాళాలలో అవి గుంపులు గుంపులుగా దాగి ఉన్నవి. కంటిచూపు లేని, మెదడు అనదగినది లేని ఈ జీవి దోమ వచ్చే వేళను ఎట్లా ఎరుగును? ఊపిరితిత్తులలో ఆక్సిజన్ పాళ్ళు నిద్రలో ఒక రకంగా, మేలుకొని పని చేసేటప్పుడు మరొక రకంగా ఉండటం దానికి గడియారమని తరువాతి పరిశోధకులు వివరించారు. సృష్టికర్త ఏర్పరచిన ఏర్పాట్లలో మనిషికి హాని చేసేవాటికి కూడా ఇంతటి సూక్ష్మమైన క్రమం ఉండటం చూసి ఎవరైనా ఒక క్షణం ఆగి ఆలోచిస్తారు.

1881లో లండన్‌లో స్టీఫెన్ మెకెంజీ అనే వైద్యుడు ఒక రోగి నిద్రవేళలను తారుమారు చేశాడు. పగలు పడుకోబెట్టి, రాత్రి మేల్కొల్పాడు. కొన్ని దినాలకు పురుగు పిల్లలు కూడా తమ వేళను మార్చుకొని పగలే రక్తంలోకి రాసాగాయి. ఈ ప్రయోగం చదివినప్పుడల్లా నాకు సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు గుర్తుకు వస్తారు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవారి రక్తం, అందరితో పాటు రాత్రి శిబిరంలో పరీక్షిస్తే నిజం చెబుతుందా? పరీక్షకు వచ్చిన సిబ్బందికి ‘‘నేను రాత్రి పనివాడిని’’ అని ముందే చెప్పడం మేలు. యాంటిజెన్‌ను గుర్తించే పట్టీ పరీక్ష ఇప్పుడు ఉన్నది. దానికి రాత్రి, పగలు భేదం లేదు.

జగిత్యాల, కోరుట్ల యువకులకు మరొక సంగతి. గల్ఫ్ దేశాలకు పోయేముందు చేసే వైద్య పరీక్షల పత్రంలో మైక్రోఫైలేరియాకు కూడా ఒక గడి ఉంటుంది. పగలు తీసిన రక్తపు బొట్టులో అది కనిపించకపోవచ్చునని పై వివరణ వలన స్పష్టమే. కనుక ఆ కాగితం మీద ‘లేదు’ అని వ్రాసి ఉన్నంత మాత్రాన మాత్ర మానుకోవడం సబబు కాదు. సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు పంపిణీ జరుగుతుంటే వారు కూడా మింగాలి.

దేహంలో ఇట్లా దారులు పట్టి తిరిగే పురుగు ఇదొక్కటే కాదు. మా మదరసాలో నట్టల మాత్ర ఇచ్చే రోజున పిల్లలు ‘‘కడుపులో పురుగుకు కడుపులోకి పోవడానికి దారి ఎవరు చూపారు?’’ అని అడుగుతుంటారు. ఏలికపాము గుడ్డు మురికి చేతుల ద్వారా, కడగని కూరల ద్వారా నోటిలోకి పోతుంది. పేగులో పగిలి పిల్ల బయటపడుతుంది. చేరవలసిన చోటికి చేరింది కదా, అక్కడే ఉండవచ్చు. ఉండదు! పేగు గోడను తొలుచుకొని, రక్తంలో పడి, కాలేయం చేరి, గుండె గుండా ఊపిరితిత్తులకు పోయి, పది పద్నాలుగు దినాలు అక్కడ పెరిగి, గొంతులోకి ఎక్కి, మింగుడుపడి, తిరిగి అదే పేగుకు వస్తుంది. దీనిని నిరూపించడానికి 1922లో జపాన్ వైద్యుడు కోయినో తానే రెండు వేల గుడ్లు మింగాడు. తీవ్రమైన జ్వరం, దగ్గు వచ్చినవి. ఆయన కఫంలో లార్వాలు కనిపించాయి. కొంకిపురుగు దారి వేరు. అది మట్టిలో నుండి చెప్పులు లేని పాదపు చర్మం గుండా దూరి, అదే ఊపిరితిత్తుల మార్గాన పేగుకు చేరి రక్తం పీలుస్తుంది. కైరో వైద్యకళాశాలలో పనిచేసిన ఆర్థర్ లూస్ చేతిమీద ఆ లార్వాలున్న నీరు ఒలికి, కొన్ని వారాలకు ఆయన మలంలో గుడ్లు కనిపించడంతో ఆ సంగతి బయటపడింది. ఆల్బెండజోల్ మాత్ర ఈ రెంటికీ పనిచేస్తుంది. బోదకాలు మాత్రలతో పాటు అది కూడా ఇస్తారు కనుక, ఆ రోజున మింగినవారికి రెండు లాభాలు.

ఇక నారి కురుపు. ఇబ్నె సీనా వర్ణించిన ‘ఇర్ఖె మదనీ’ ఇదే. దిగుడు బావిలో నీరు త్రాగినవారి కాలి నుండి ఏడాదికి పొడవాటి పురుగు బయటకు వచ్చేది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగేవారు. మన దేశంలో 1996 జూలై తరువాత ఒక్కరికీ రాలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం దాని నుండి విముక్తమైనదని ప్రకటించింది. దానికి మందు లేదు, టీకా లేదు. నీటిని వడగట్టుకోవడం, బావిలో కాలు పెట్టకపోవడం, అంతే. మందు ఉన్న బోదకాలు మాత్రం ఇంకా మన వాడలలో ఉన్నది. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది 1955లో!

ఆ మందు కథలో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, ఆయన నాయకత్వంలోని బృందం డై ఇథైల్ కార్బమజైన్ అనే మందును కనుగొన్నది. క్లుప్తంగా డి.ఇ.సి. అంటారు. ఫైలేరియా మీద దాని ప్రభావం 1947లో వెల్లడైంది. ఆ మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశాడు. ఈనాటికీ బోదకాలుకు ఇదే ప్రధాన ఔషధం. దీనికి ఆల్బెండజోల్‌ను జోడించి సంవత్సరానికొకసారి ఇస్తారు. కొన్ని జిల్లాలలో 2018 చివరి నుండి ఐవర్‌మెక్టిన్ అనే మూడవ మందును కూడా చేర్చారు. దానిని కనుగొన్నందుకే 2015లో ఒముర, క్యాంప్‌బెల్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

మందు ప్రధానంగా చంపేది రక్తంలోని పిల్లలను. నాళాలలో దాగిన పెద్ద పురుగులలో కొన్ని బ్రతికిపోతాయి, తిరిగి పిల్లలను పెడతాయి. అందుకే ఒక్కసారితో సరిపోదు. పెద్ద పురుగుల ఆయుష్షు తీరేదాకా ప్రతి ఏటా వాటి పిల్లలను దోమలకు అందకుండా చేయాలి. ఇది ఒక్కని వల్ల అయ్యే పని కాదు. ఊరి మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే దోమకు పిల్లలు దొరకడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గూటిలో పడి ఉన్న మాత్ర కూడా పంచిన లెక్కలో చేరుతుంది, మింగిన లెక్కలో చేరదు. కార్యకర్త ఎదుటనే మింగమని అడిగేది అందుకే. దానిని అవమానంగా భావించరాదు.

మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం, ఒళ్ళు దురద కలుగుతాయి. ‘‘మంచిగున్న మనిషికి మందిచ్చి రోగం తెచ్చిండ్రు’’ అన్న మాట అప్పుడే పుడుతుంది. నిజానికి చాలావరకు ఇవి రక్తంలో చచ్చిన పురుగు పిల్లల వలన కలిగేవి. పురుగు లేనివారిలో ఇటువంటి బాధ అరుదు. అంటే ఆ జ్వరం, ఆ మనిషి ఒంట్లో పురుగు ఉండినదనడానికి గుర్తు. ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది. తగ్గకపోతే ఆరోగ్య కేంద్రానికి పోవాలి. ఇక సంతానం కలగకుండా చేసే మందు అన్న పుకారు అప్పుడప్పుడు మన వాడలలో తిరుగుతుంది. ఏ వార్త వచ్చినా విచారించి గాని నమ్మవద్దని దివ్య ఖుర్ఆన్ ఆజ్ఞాపిస్తున్నది. విచారిస్తే తెలిసేది ఏమంటే, ఇవే మందులను పంచి ఈజిప్టు 2017లో, యెమెన్ యుద్ధం మధ్యనే 2019లో, బంగ్లాదేశ్ 2023లో బోదకాలును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి. ఆ దేశాలలో పిల్లలు పుట్టడం ఆగలేదు. మన దేశం 2027ను గడువుగా పెట్టుకున్నది.

ఇప్పటికే కాలు వాచినవారి సంగతి వేరు. వారి కాలిని మాత్ర తిరిగి సన్నగా చేయజాలదు. ఈ సత్యాన్ని దాచి, వాపు పోతుందని వేలు గుంజే వారి దగ్గరకు పోవద్దని మనవి. అయితే వాపు పెరగకుండా ఆపవచ్చును. అది నీరు, సబ్బు, ఓపికతో కూడిన పని. రోజూ కాలిని సబ్బుతో మెల్లగా కడగాలి. వ్రేళ్ళ సందులను, చర్మపు మడతలను ప్రత్యేకంగా శుభ్రపరచాలి. తరువాత మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్దాలి. పగుళ్ళకు మలాము రాయాలి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలిని ఎత్తులో ఉంచాలి. మడమను పైకీ క్రిందికీ ఆడించాలి. జ్వరం తెచ్చే సూక్ష్మక్రిములకు దారి ఆ వ్రేళ్ళ సందులే.

రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారికి ఈ పనిలో సగం అలవాటే. వ్రేళ్ళ సందులలో ఖిలాల్ చేయడం ప్రవక్త మహనీయుల (స) సున్నతు. రెండవ సగంలోనే లోపం జరుగుతున్నది. వుజూ నీటిని తుడవడం మంచిది కాదన్న భావనతో కొందరు పెద్దలు తడికాలుతోనే సాక్సు తొడుగుతారు, లేదా అట్లాగే వదిలేస్తారు. వుజూ తరువాత గుడ్డతో తుడుచుకోవడంలో దోషం లేదని ఫుఖహాలలో అత్యధికులు చెప్పారు. బోదకాలు ఉన్నవారు తప్పక తుడుచుకోవాలి. పుండుపడి, నీరు తగిలితే హాని అని వైద్యుడు చెప్పినప్పుడు ఆ భాగం మీద మసహ్‌కు అనుమతి ఉన్నది. కాలు మడవలేనివారు కుర్చీ మీద కూర్చుండి నమాజు చేయవచ్చు. ఈ మసాయిల్ ఎరుగక, సఫ్‌లో తన కాలు ఎవరికైనా అసహ్యంగా తోస్తుందేమోనన్న బిడియంతో మస్జిదుకు రావడమే మానుకున్న వృద్ధులు ఉన్నారు. వారిని ఇంటికి పోయి పిలుచుకొని రావలసింది ఇరుగుపొరుగువారే.

తెలంగాణ ప్రభుత్వం 2018 నుండి బోదకాలు బాధితులకు పింఛను ఇస్తున్నది. అది అవసరమే. మగవారికి వచ్చే వరిబీజానికి ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేస్తారు, నయమవుతుంది. సిగ్గుతో లుంగీ క్రింద దాచుకొని ఇరవై ఏండ్లు బాధపడటంలో ఏ ధర్మమూ లేదు.

సంబంధాలు చూసేటప్పుడు జరిగే అన్యాయం మరొకటి. పిల్ల తల్లికి బోదకాలు ఉన్నదని తెలిసి రిష్తా వదులుకున్న ఇళ్ళు మన మధ్య ఉన్నవి. ఆ భయంతో తల్లులు పెండ్లిచూపుల రోజున లోపలి గదిలోనే ఉండిపోతారు. ఈ పురుగు తల్లి కడుపు నుండి బిడ్డకు వారసత్వంగా రాదు. ముట్టుకుంటే రాదు. ఒకే పళ్ళెంలో తింటే రాదు. దోమ లేకుండా ఒకరి నుండి మరొకరికి పోయే దారి దానికి లేనే లేదని పైన చెప్పుకున్నాము. తల్లినీ బిడ్డనూ ఒకే దోమలు కుట్టి ఉండవచ్చన్నది నిజమే. దానికి పరిష్కారం ఆ బిడ్డ రక్తాన్ని పరీక్షించి మాత్ర వేయించడం. దోమల నిజం ఆ సంబంధం చూడవచ్చిన ఇంటివారికి కూడా వర్తిస్తుంది, వారుండేది కూడా అదే మురుగు పక్కనే గనుక.

పంపిణీ రోజుల గురించి కొన్ని వివరాలు. డి.ఇ.సి. నూరు మిల్లీగ్రాముల మాత్రలు రెండు నుండి ఐదేండ్ల పిల్లలకు ఒకటి, ఆరు నుండి పద్నాలుగేండ్ల వారికి రెండు, ఆపై వారికి మూడు. వాటితో ఆల్బెండజోల్ ఒకటి. రెండేండ్ల లోపు పిల్లలకు, గర్భవతులకు, తీవ్రమైన జబ్బుతో మంచం పట్టినవారికి ఇవ్వరు. ఐవర్‌మెక్టిన్ చేర్చిన చోట ఐదేండ్ల లోపు పిల్లలకు దానిని ఇవ్వరు. వయసుతో పాటు ఎత్తు కూడా కొలుస్తారు. పరగడుపున మింగరాదు, భోజనం తరువాతనే. రంజాన్ ఉపవాసాలు ఆ రోజులలోనే పడితే పగలు వచ్చిన కార్యకర్తను వట్టి చేతులతో పంపి ఊరుకోకూడదు. ఇఫ్తార్ అయి, భోజనం ముగిసిన తరువాత రమ్మని అడగాలి. మస్జిద్ కమిటీలు ముందుగానే ఆరోగ్య కేంద్రం వారితో మాట్లాడి, ఇషా, తరావీహ్ నమాజుల తరువాత ఆవరణలో ఒక బల్ల వేయించి, త్రాగే నీరు పెట్టిస్తే మగవారి పని అక్కడే తీరుతుంది. స్త్రీల కొరకు అదే వేళకు వాడలోని ఒక ఇంటిని ఎంచుకొని చెప్పాలి. సిరిసిల్లలో రాత్రి షిఫ్టుకు పోయేవారికి మాత్రం సాయంత్రం పని ఎక్కకముందే అందేటట్లు చూడాలి.